ఓడ మీద పని, ఒడ్డు చేరిన మనిషి: దిల్ రాజు గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్ శ్రీ దిల్ రాజు గారికి,

నర్సింగ్‌పల్లి నుంచి బయల్దేరి, నైజాం ఏరియాలో సినిమాలు పంపిణీ చేసి, 2003లో ‘దిల్’తో నిర్మాతగా నిలబడిన మీకు ఇందూరు (నిజామాబాద్) ప్రేక్షకుడి సంగతి మరొకరు చెప్పాల్సిన పని లేదు. ఆ సినిమా హీరో నితిన్ పుట్టిందీ నిజామాబాద్‌లోనే. 2017లో ‘ఫిదా’ బాన్సువాడ ఇంటినీ, అక్కడి మాటనూ తెర మీద పెట్టింది. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు ఊళ్లలో తెరలు కట్టుకుని జనం గుంపుగా కూర్చుని చూశారు, చూసి ఏడ్చారు. చావు ఇంట్లో పిట్ట ముట్టని ముద్ద చుట్టూ ఒక సినిమా మొత్తం నడుస్తుందంటే అంతకుముందు ఎవరు నమ్మేవారు? ఆ నమ్మకం కలిగించిన సంస్థ మీది. అందుకే ఈ లేఖ మీ పేరు మీద.

అడగదలచింది సముద్రపు కథ గురించి. నిజామాబాద్ నుంచి ఏ దిక్కుకు పోయినా వందల కిలోమీటర్లు దాటితే గాని సముద్రం కనిపించదు. ఇక్కడి నీళ్లు మంజీర, గోదావరి. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్లు, ఆ తర్వాత పోచంపాడు నీళ్లు. అయినా సముద్రం దాటి పోయినవాళ్లు లేని ఊరు ఈ జిల్లాలో దొరకడం కష్టం. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని ఉత్తర తెలంగాణ తన వలసను మూడు మాటల్లో చెప్పుకుంటుంది. ఆ మూడో మాటకు దక్కాల్సిన సినిమా ఇంకా రాలేదు. అది ఎలా రావాలో తేల్చుకోవడానికి, ప్రపంచం గొప్పదని ఒప్పుకున్న ఒక ఓడ నవల కథను ఎలా చెప్పిందో, సినిమా దాన్ని ఎక్కడ నిలబెట్టుకుందో, ఎక్కడ పోగొట్టుకుందో చూడటం మేలు.

ఆ నవల హెర్మన్ మెల్విల్ రాసిన ‘మోబీ డిక్’. 1851 అక్టోబరులో మొదట లండన్‌లో ‘ది వేల్’ అనే పేరుతో మూడు సంపుటాలుగా వచ్చింది. నవంబరులో న్యూయార్క్‌లో వచ్చింది. ఈ రెంటికీ మధ్య ఒక తేడా పడింది. అమెరికా ప్రతిలో చివర చిన్న ఉపసంహారం ఉంది: తిమింగలం ఓడను ముంచేశాక, కథ చెబుతున్న ఇష్మాయేలు ఒక్కడే తన స్నేహితుడి కోసం చేసిన శవపేటికను పట్టుకుని తేలి, మరో ఓడ వాళ్లకు దొరుకుతాడు. లండన్ ప్రతిలో ఆ పేజీ లేదు. అక్కడి విమర్శకులు మండిపడ్డారు. ఓడ మునిగిపోయి అందరూ చనిపోతే ఈ కథ ఇప్పటిదాకా చెప్పిందెవరు? పాఠకుడికి ఇదెలా చేరింది?

పుస్తకాన్ని చిన్నచూపు చూడటానికి వాళ్లకు అది ఒక సాకుగా కూడా పనికొచ్చింది. కానీ ప్రశ్న మాత్రం సరైనదే. సముద్రపు కథకు పాఠకుడు అడిగే మొదటి హామీ అది: చెప్పేవాడు అక్కడ ఉన్నాడా, తిరిగొచ్చాడా? ఒడ్డున కూర్చున్నవాడికి సముద్రం మధ్య ఏం జరిగిందో తెలిసే దారి వేరే లేదు. సింద్‌బాద్ బాగ్దాద్‌లో కూర్చుని తన ఏడు ప్రయాణాలను తన నోటితోనే చెబుతాడు. స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన ‘ట్రెజర్ ఐలాండ్’ను జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు చెబుతాడు. నండూరి రామమోహనరావు దాన్ని ‘కాంచన ద్వీపం’గా తెలుగులోకి తెచ్చారు కాబట్టి, ఆపిల్ పీపాలో దాక్కుని దొంగల కుట్ర విన్న ఆ కుర్రాడు తెలుగు పాఠకులకు పాత నేస్తమే. ఒక దశలో జిమ్ ఓడ దిగి దీవిలోకి పారిపోతాడు. ఇక ఓడలో జరిగింది అతనికి తెలిసే వీల్లేదు. స్టీవెన్‌సన్ ఏం చేశాడంటే, సరిగ్గా మూడు అధ్యాయాలు, 16 నుంచి 18 దాకా, డాక్టర్ లివ్‌సీ చేత చెప్పించి మళ్లీ కథను జిమ్ చేతికిచ్చాడు. పిల్లల పుస్తకంలో కూడా సాక్షి నియమం అంత గట్టిగా పాటించాడు.

మెల్విల్ అంత నియమంగా ఉండడు. 1841 జనవరిలో అకుష్నెట్ అనే తిమింగలాల వేట ఓడెక్కిన మనిషి కాబట్టి, తన అనుభవం మీద తనకు అంత ధీమా. ఇష్మాయేలు చూడలేని చోట్లకు కూడా కథ వెళ్లిపోతుంది. కెప్టెన్ అహాబు తన గదిలో ఒంటరిగా కూర్చుని తనతో తాను మాట్లాడుకుంటాడు. 40వ అధ్యాయం పూర్తిగా నాటకం: పాత్ర పేరు, దాని కింద మాట, మధ్యలో రంగస్థల సూచన. నవల చదువుతున్నవాడికి ఒక్కసారిగా తాను ఆట చూస్తున్నట్టు అనిపిస్తుంది. చిందు భాగోతం చూసి పెరిగిన ఇందూరు మనిషికి ఇది వింత కాదు. కళాకారిణి చిందుల ఎల్లమ్మ పుట్టి పెరిగిన ఆ సంప్రదాయంలో కథ చెప్పడం, పాడటం, ఆడటం ఒకే రాత్రి ఒకే గుంపు చేతుల్లో నడుస్తాయి. కథకుడు పాత్ర అవుతాడు, పాత్ర మళ్లీ కథకుడవుతుంది. ఎవరూ అడ్డు చెప్పరు.

పాత్ర ప్రవేశం కూడా అలాంటిదే. మన భాగోతంలో పెద్ద వేషం రావాలంటే ముందు తెర పట్టాలి, ప్రవేశ దరువు పాడాలి, చూసేవాళ్లను కాసేపు ఎదురుచూసేలా చేయాలి. అహాబు కూడా వెంటనే రాడు. అతని గురించి ఇతరులు గుసగుసలాడతారు, ఒక పిచ్చివాడిలాంటి మనిషి రేవులో ఇష్మాయేలును ఆపి హెచ్చరిస్తాడు, ఓడ లంగరెత్తి సముద్రంలోకి పోతుంది, అప్పటికీ కెప్టెన్ గది తలుపు తెరుచుకోదు. 28వ అధ్యాయంలో గాని ఎముక కాలు మీద నిలబడి కనిపించడు. అతని కాలు తీసుకుపోయి, అతను పగబట్టి వెతుకుతున్న తెల్ల తిమింగలమైతే 133వ అధ్యాయం దాకా కంటపడదు. మొత్తం 135 అధ్యాయాల పుస్తకంలో!

మధ్యలో ఇంత దూరం పాఠకుణ్ని పట్టి ఉంచేదేమిటి? దారిలో ఎదురయ్యే ఓడలు. మొత్తం తొమ్మిది ఓడలు అహాబు ఓడ పీక్వాడ్‌కు తారసపడతాయి. ప్రతి ఓడనూ అహాబు అడిగేది ఒకటే: తెల్ల తిమింగలాన్ని చూశారా? వాటిలో చాలా ఓడలు ఒక్కో కథ చెబుతాయి. ఒకటి తిరుగుబాటు కథ, ఒకటి చెయ్యి పోగొట్టుకున్న కెప్టెన్ కథ, చివరికొచ్చేసరికి కొడుకును సముద్రంలో పోగొట్టుకుని వెతుకుతున్న తండ్రి కథ. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడు గోపకుమారుడికి మజిలీకో కథ చెప్పినట్టే ఈ నిర్మాణం. ఒక్కటే తేడా. మణిసిద్ధుడి కథలు అలసట తీరుస్తాయి. పీక్వాడ్‌కు ఎదురైన కథలు ఒక్కొక్కటీ వెనక్కి తిరగమని చెబుతాయి, అహాబు వినడు.

ఇంతవరకు చెప్పినవి ఏ సాహిత్య విద్యార్థికైనా తెలిసినవే. బోధన్ చెరకు ప్రాంతం నుంచి చూసినప్పుడు ఆ నవలలో వేరే సంగతి కనిపిస్తుంది, ఈ లేఖకు అసలు కారణం అదే. పీక్వాడ్ ఒక ఫ్యాక్టరీ. తేలే ఫ్యాక్టరీ. తిమింగలాన్ని చంపడంతో పని అయిపోదు, మొదలవుతుంది. కొవ్వును దుప్పట్లలా ఒలిచి పైకి లాగాలి, ముక్కలు చేయాలి, ఆ ముక్కలను పుస్తకం పేజీల్లా పలచగా కోయాలి. డెక్కు మీద ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద రెండు పెద్ద ఇనుప గంగాళాలు. కొవ్వు కరిగి నూనె అవుతుంది, నూనె పీపాలకెక్కుతుంది. ఆ పొయ్యికి కట్టెలు మొదట అంటించడానికే. తర్వాత నూనె తీయగా మిగిలిన కొవ్వు పిప్పినే మంటలో వేస్తారు. తిమింగలం తన ఒంటితోనే తాను ఉడుకుతుంది. 96వ అధ్యాయంలో అర్ధరాత్రి ఆ మంటల ముందు ఎర్రగా మెరిసే మనుషులను మెల్విల్ చూపించిన తీరు మర్చిపోవడం కష్టం.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న శక్కర్ నగర్‌లో పని చేసిన ఏ మనిషికైనా ఈ లెక్క వెంటనే తెలిసిపోతుంది. చెరకు గడ కత్తుల కింద నలిగి, రోలర్ల మధ్య పడి, రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు పోతుంది. ఆ పిప్పి బాయిలర్‌కు చేరుతుంది, బాయిలర్ ఆవిరి రసాన్ని కాస్తుంది. చెరకు తన పిప్పితోనే తాను ఉడుకుతుంది. 1937లో మొదలై, ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ చుట్టూ ఒక ఊరు లేచింది, కాలనీలు లేచాయి, క్రషింగ్ సీజన్ చుట్టూ పెళ్లిళ్లు, అప్పులు, పిల్లల చదువులు తిరిగాయి. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ ఆయకట్టులో స్థిరపడిన రైతుల క్యాంపులూ, రుద్రూరు చెరకు పరిశోధన కేంద్రమూ ఆ చెరకు వెంట ముడిపడినవే. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఇక్కడి వాళ్లకు తిమింగలాల వేట గురించి ఏమీ తెలియకపోవచ్చు. మంట ముందు షిఫ్టు చేయడమంటే ఏమిటో, పై వాడి మొండితనానికి కింది వాడి బతుకు ఎలా పణమవుతుందో తెలుసు. ‘మోబీ డిక్’ చదివిన చాలామంది ఈ పని అధ్యాయాలను దాటేసి కథలోకి పోతారు. శక్కర్ నగర్ పాఠకుడికి దాటేయడానికి ఏమీ ఉండదు.

పైగా ఆ పని వృథాగా చెప్పింది కాదు. 60వ అధ్యాయం పూర్తిగా ఒక తాడు గురించి. ఈటెకు కట్టిన ఆ తాడు తొట్టెలో చుట్టలు చుట్టలుగా ఉంటుంది, పడవ పొడవునా తెడ్లు వేసే మనుషుల మధ్యగా పోతుంది. తిమింగలం పరుగెత్తినప్పుడు అది ఈలవేస్తూ బయటికి దూసుకుపోతుంది. చుట్టలో ఏ చిన్న మెలిక పడినా ఒకడి చెయ్యో, కాలో, ఒక్కోసారి మనిషి మొత్తమో నీళ్లలోకి పోతాడు. చదివేటప్పుడు ఇది వృత్తి వివరంలా ఉంటుంది. 75 అధ్యాయాల తర్వాత, చివరి అధ్యాయంలో, ఆ తాడే అహాబు మెడకు చుట్టుకుంటుంది. అరుపు లేకుండా మనిషి మాయమవుతాడు. మెల్విల్ ఆ చావును ఒక్క వాక్యంలో ముగించగలిగాడంటే, తాడు సంగతి ఎప్పుడో చెప్పి పెట్టుకున్నాడు కాబట్టే.

1956లో జాన్ హ్యూస్టన్ దీన్ని సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే రే బ్రాడ్‌బరీతో కలిసి రాశాడు. గ్రెగరీ పెక్ అహాబు, రిచర్డ్ బేస్‌హార్ట్ ఇష్మాయేలు, లియో జెన్ స్టార్‌బక్, యోనా కథ మీద ప్రసంగించే పాస్టరుగా ఆర్సన్ వెల్స్. ఐర్లండ్‌లోని యాల్ అనే చిన్న రేవును అమెరికా రేవుగా మార్చి తీశారు. ఛాయాగ్రాహకుడు ఆస్వల్డ్ మోరిస్ రంగులను కావాలనే అణచి, పాత వేట బొమ్మల్లాంటి రంగు తెచ్చాడు. ఆ రంగు ఇప్పటికీ బాగుంటుంది. ఇష్మాయేలు గొంతును సినిమా వదల్లేదు, శవపేటికనూ వదల్లేదు. అహాబు ప్రవేశాన్ని తెర భాషలోకి బాగా మార్చింది: సత్రంలో నావికులు కూర్చుని ఉండగా, బయట ఎముక కాలు నేల మీద తాటించే చప్పుడు, కిటికీ అవతల ఒక నీడ, లోపల మాట ఆగిపోవడం. దరువు వినిపించి వేషాన్ని దాచి పెట్టడమంటే ఇదే.

పోగొట్టుకున్నది పని దగ్గర. 116 నిమిషాల సినిమాలో 135 అధ్యాయాలు పట్టవు, నిజమే. తొమ్మిది ఓడల్లో రెండు మిగిలాయి, అదీ అర్థం చేసుకోవచ్చు. కానీ వేట పని కొద్ది దృశ్యాలకు కుదించుకుపోయింది, తాడు గురించి చెప్పే తీరిక చిక్కలేదు. అలాంటప్పుడు మెడకు తాడు చుట్టుకుని అహాబు క్షణంలో మాయమైతే ప్రేక్షకుడికి ఏం జరిగిందో తెలియదు. కాబట్టి చావును పెద్దది చేయాల్సి వచ్చింది. నవలలో తిమింగలం ఒంటికి తాళ్లతో బిగుసుకుపోయి కనిపించేది ఫెదల్లా అనే మరో పాత్ర. సినిమా ఆ పాత్రను తీసేసి, ఆ స్థానంలో అహాబునే కట్టేసింది. శవం చెయ్యి అటూ ఇటూ ఊగుతూ వెనక ఉన్నవాళ్లను పిలుస్తున్నట్టు ఉంటుంది. చూసినవాళ్లకు ఎంతో కాలం గుర్తుండే దృశ్యం అది, కాదనలేం.

దాని వెంటే వచ్చిన మార్పు మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. స్టార్‌బక్ నవల పొడుగునా అహాబును కాదన్న ఏకైక అధికారి. మనకు వచ్చింది నూనె కోసం, పగ కోసం కాదు అన్నవాడు. ఒక రాత్రి తుపాకి చేతిలోకి తీసుకుని, నిద్రపోతున్న కెప్టెన్‌ను కాల్చాలా వద్దా అని తేల్చుకోలేక పక్కన పెట్టినవాడు. చివరి వేటలో అతను ఓడ మీదే ఉంటాడు. సినిమాలో అతణ్ని పడవలోకి దించి, అహాబు పోయాక మిగిలినవాళ్లు వెనక్కి తిరగబోతుంటే అతని చేతే ముందుకు నడిపించారు. తిమింగలాల వేటగాళ్లం, వెనక్కి తిరగం అన్న ధోరణిలో. ఒక్క దెబ్బతో వద్దన్నవాడి మాట అబద్ధమైపోయింది. తెరకు ఊపు వచ్చింది. కథలోని న్యాయం పోయింది.

ఇదంతా 70 ఏళ్ల నాటి హాలీవుడ్ గొడవ అనుకోవడానికి లేదు. తెలుగులోనే దీనికి జవాబు ఉంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఘాజీ’ని సంకల్ప్ రెడ్డి తాను ముందే రాసుకున్న ‘బ్లూ ఫిష్’ పుస్తకం నుంచి తీశాడు. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి చుట్టూ అల్లిన కథ. హైదరాబాద్‌లో వేసిన సెట్‌లోనే సముద్ర గర్భాన్ని నమ్మించారు. కొడుకును పోగొట్టుకుని, ఆజ్ఞ రాకముందే దాడికి ఉరకాలనుకునే కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్, నియమం దాటొద్దని అడ్డుపడే అర్జున్ వర్మ. అహాబు, స్టార్‌బక్ జంట మళ్లీ పుట్టింది. కానీ ‘ఘాజీ’ పనిని వదిలిపెట్టలేదు. మందుపాతర పేలి జలాంతర్గామి దెబ్బతిన్నాక, అది ముందుకు పోలేదు, పైకీ కిందకీ మాత్రమే కదలగలదని తేలుతుంది. క్లైమాక్స్ మొత్తం ఆ ఒక్క వివరం మీద నిలబడింది. అది తాడు అధ్యాయంలాంటిదే. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దానికి దక్కడం న్యాయమే. లోటల్లా చెప్పే గొంతు. తెలుగు ప్రతిలో కథను పరిచయం చేసేది చిరంజీవి గారు. గొప్ప గొంతే, కానీ ఆ జలాంతర్గామిలో ఉన్న మనిషిది కాదు.

2025లో వచ్చిన ‘తండేల్’ ఇంకొంచెం దగ్గరి సంగతి. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు కూలి కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి, అక్కడి పడవలెక్కి, 2018లో పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కి, 2020 జనవరిలో తిరిగొచ్చారు. సముద్రం ఒడ్డునే పుట్టినవాళ్లు కూడా బతుకు కోసం వేరే సముద్రానికి వలస పోయారు. సినిమా ప్రేమకథ వైపు ఎక్కువ మొగ్గింది. ఒడ్డున ఎదురుచూసే మనిషికి అది ఇచ్చిన బరువు మెచ్చుకోదగ్గదే. ఇందూరులో ఆ ఎదురుచూపు ఏ గడపనడిగినా చెబుతుంది.

ఇప్పుడు మన కథ. గల్ఫ్‌కు పోయేవాడు విమానమెక్కేముందు చేసుకునే బేరం అహాబు ఓడలో బేరం లాంటిదే. నాంటకెట్ ఓడల్లో జీతం లేదు, లాభంలో పాలు ఉండేది. ఇష్మాయేలుకు బిల్డాడ్ అనే ముసలి యజమాని 777వ పాలు ఇస్తానంటాడు, పీలెగ్ అనే మరొకడు 300వ పాలుకు తేలుస్తాడు. ఈటె గురి చూపించిన ఇష్మాయేలు స్నేహితుడు క్వీక్వెగ్‌కు అక్కడికక్కడే 90వ పాలు. ఓడలో తీసుకున్న బట్టలూ సామానూ అప్పు కింద రాసుకుంటారు. ఏళ్ల తరబడి పని చేసి, దిగేనాటికి అప్పే మిగిలిన నావికులు చరిత్రలో చాలామంది ఉన్నారు. ఏజెంటుకు కట్టిన పైసలు, ఊళ్లో తెచ్చిన మిత్తి, కఫీల్ (అక్కడి యజమాని) చేతికి పోయిన పాస్‌పోర్టు, అకామా (నివాస అనుమతి) గడువు, క్యాంపు గదిలో మంచం మీద మంచం, అక్కడి నుంచి పారిపోతే వచ్చే ‘ఖల్లివల్లి’ అనే పేరు: ఈ మాటలన్నీ ఆర్మూరు, బాల్కొండ, బోధన్ వైపు ఇంటి మాటలు. వీటిలో ఒక్కొక్కటీ తాడు చుట్ట లాంటిదే. ఏది ఎప్పుడు ఎవరి కాలికి చుట్టుకుంటుందో సినిమా ముందే చూపించి పెట్టుకోవాలి. ఇష్మాయేలును శవపేటిక బతికించింది. ఇందూరు ఊళ్లకు గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల కథ చెప్పగలిగింది పక్క మంచం మీద పడుకున్నవాడే.

ఈ దారిలో పని అసలు జరగలేదని కాదు. పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవల ఉంది. 2017లో సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ తీశారు. మలయాళంలో బెన్యామిన్ 2008లో ‘ఆడుజీవితం’ రాశాడు. నజీబ్ అనే మనిషి తిరిగొచ్చి చెప్పిన సంగతుల నుంచి, నజీబ్ గొంతుతోనే. తెలుగులో అది ‘మేక బతుకు’గా వచ్చింది. బ్లెస్సీ దాన్ని 2024 మార్చిలో సినిమాగా తెచ్చాడు, పృథ్వీరాజ్ అందులో ఒళ్లు కరిగించుకున్నాడు. ఎడారి తెర మీద భయంకరంగా అందంగా ఉంది. నవలలో నజీబ్ మాట్లాడుతూనే ఉంటాడు, మేకలకు ఊరివాళ్ల పేర్లు పెట్టుకుని తనను తాను నిలబెట్టుకుంటాడు. ఆ మాట తగ్గిన చోటల్లా సినిమా బాధను చూపింది గాని మనిషిని కొంచెం దూరం చేసింది. 2015లో రాన్ హోవర్డ్ తీసిన ‘ఇన్ ది హార్ట్ ఆఫ్ ది సీ’ మరోలా ప్రయత్నించింది. 1820లో తిమింగలం ముంచేసిన ఎసెక్స్ ఓడ నుంచి బయటపడ్డ నికర్సన్ ముసలితనంలో మెల్విల్‌కు కథ చెప్పినట్టు కల్పించింది. ఆ సమావేశం చరిత్రలో జరగలేదు, సినిమా కూడా గొప్పదేమీ కాదు. అయినా పద్ధతి సరైనది: ముందు ఎదురుగా కూర్చోబెట్టి విన్నారు.

మీ కార్పొరేషన్‌ను అడిగేది కూడా అదే. తెలంగాణ నవలల నుంచి సినిమాలు తీసేవాళ్లకు చేయూత ఇచ్చే ఒక పథకం పెట్టండి, అందులో మొదటి వరుస వలస నవలలకు ఇవ్వండి. నిజామాబాద్‌లో, ఆర్మూరులో, బోధన్‌లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లను, కుర్ర రచయితలను ఒక చోట కూర్చోబెట్టండి. సెలవు మీద ఇంటికి వచ్చేవాళ్లు ఉండేది కొన్ని వారాలే, ఆ రోజులకు తగ్గట్టు తేదీలు పెట్టాలి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటలోనే రికార్డు కావాలి. రచయిత దాన్ని గ్రాంథికం చేయొద్దు, హైదరాబాద్ యాసలోకి దించొద్దు. క్రేన్ నడిపినవాడు క్రేన్ ఎలా నడుస్తుందో చెప్పనివ్వాలి, ఒంటెలు కాసినవాడు నీళ్ల తొట్టె ఎంత దూరమో చెప్పనివ్వాలి. కథకు పనికిరాదని ఎవరూ మధ్యలో ఆపొద్దు. చెప్పినవాడికి రోజు కైకిలి కట్టాలి, టైటిల్స్‌లో పేరు వేయాలి. గద్దర్ అవార్డుల్లో నవల నుంచి తీసిన చిత్రానికి విడిగా ఒక గుర్తింపు ఉంటే నిర్మాతలకూ ధైర్యం వస్తుంది.

వద్దన్నవాణ్ని చివర్లో మార్చేయమని ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఊళ్లో పోవద్దని చెప్పిన తల్లి, క్యాంపులో సంతకం పెట్టొద్దని చెప్పిన తోటి కూలీ, వీళ్లను క్లైమాక్స్ ఊపు కోసం తిప్పేయకుండా దర్శకుడికి అండగా నిలవగల నిర్మాత కావాలి. చావు ఇంట్లో ముద్ద దగ్గర కథను ఆపి నిలబెట్టిన సంస్థకు అది కొత్త కాదు.

మొదటి సభ బోధన్‌లో పెట్టమని మనవి. గల్ఫ్ పోయినవాళ్లతో పాటు శక్కర్ నగర్ మిల్లు హౌస్‌లో, బాయిలర్ దగ్గర, పాన్ల దగ్గర పని చేసి రిటైరైనవాళ్లను కూడా పిలవాలి. వాళ్ల వయసు పైబడుతోంది కాబట్టి ఆలస్యం చేయకుండా ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఫ్యాక్టరీ పనీ, క్యాంపు పనీ ఒకే గదిలో చెప్పుకున్నప్పుడు, స్క్రిప్టు రాసేవాళ్లకు కావలసిన తాడు ఎవరి నోట దొరుకుతుందో ముందే చెప్పలేం. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఆ రికార్డులకు ఒక అల్మారా, వినడానికి ఒక బల్ల కేటాయించేలా జిల్లా యంత్రాంగంతో మీరే మాట్లాడితే పని త్వరగా అవుతుంది.

ఇట్లు,
ఇందూరు పాఠకుల, ప్రేక్షకుల తరఫున
నిజామాబాద్